చివరి వంతు

ఆ గదిలో మాట్లాడుకోవడానికి ఒక వరస ఉండేది. కుర్చీలు గుండ్రంగా వేసుకునేవారు. తలుపు పక్క కుర్చీతో మొదలైన మాట కుడిచేతి వైపుగా ఒక్కొక్కరి మీదుగా నడిచి, కిటికీ కింద కుర్చీ దగ్గర ఆగేది. ఆ కుర్చీలో ఎప్పుడూ ఒకే మనిషి కూర్చునేవాడు. అతని తర్వాత ఎవరూ నోరు విప్పేవారు కాదు. ఇది ఎవరో పెట్టిన నియమం కాదు. అతను చెప్పింది విన్నాక తన బాధను మళ్ళీ ఎత్తుకోవడానికి ఎవరికీ మొహం చెల్లేది కాదు, అంతే.

అతన్ని అందరూ ముసురు అని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాడు బస్సు డ్రైవరు. "వానంటే వస్తుంది, పోతుంది. ఈయన ముసురు. పట్టిందంటే సూర్యుడు కూడా సెలవు పెట్టాల్సిందే" అని అతని ఎదుటే అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ తలూపాడు. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్ళు కరువైన మనిషికి ఏదో ఒక పిలుపు దొరికితే చాలుననిపిస్తుంది కాబోలు.

అతను ఒకప్పుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తమ్ముణ్ణి కూడా తన దగ్గరే పనిలో పెట్టుకున్నాడు. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది: లిఫ్టు గోతిలోకి ఎవరు దిగితే, పైన మెయిన్ స్విచ్చు గది తాళంచెవి వాళ్ళ జేబులో ఉండాలి. ఒకరోజు తమ్ముడు గోతిలోకి దిగాడు. అన్న స్విచ్చు ఆపాడు, తలుపు దగ్గరికి వేశాడు, తాళం వేయకుండా, తమ్ముడికి చెప్పకుండా టీ తాగడానికి వెళ్ళాడు. లిఫ్టు ఎంతకీ రావడం లేదని విసుగెత్తిన ఎవరో పైకి వెళ్ళి స్విచ్చు వేశారు. ముసురు చెప్పే కథ ఇంతే. వారం వారం ఇదే చెప్పేవాడు.

వినేవాళ్ళలో ముఖ్యులు ముగ్గురు. దర్జీ ఆవిడకు కూతురు మాట్లాడటం మానేసిన దగ్గర నుంచి గుండెదడ. సూదిలో దారం ఎక్కించబోతే చేతులు వణికేవి. బస్సు డ్రైవరు భార్య పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. అతనికి నిద్ర పట్టడం మానేసింది. లెక్కల మాస్టారికి ఉద్యోగం అయిపోయాక పొద్దున్నే లేచి ఏం చేయాలో తెలియకుండా పోయింది. ఆ తెలియకపోవడం మెల్లగా భయమై కూర్చుంది. వీళ్ళందరినీ ఒకచోట చేర్చిన మనిషిని వయసుతో పని లేకుండా అక్కయ్య అనేవారు. ఆమె నర్సుగా పనిచేసి మానేసింది. ఆరోగ్య కేంద్రం మీది అంతస్తులో విరిగిన మంచాలూ, పనిచేయని తూకం యంత్రాలూ పడేసిన గదిని కడిగించి, ఈ బృందాన్ని నిలబెట్టింది.

అలాంటి బృందాలు ఆ ఊళ్ళో ఇంకా ఉన్నాయి. అన్నిటినీ నడిపే సంస్థవారికి ఒక సంగతి వింతగా తోచింది. మిగతా చోట్ల మనుషులు ఎలా వచ్చినవాళ్ళు అలాగే వెళ్తున్నారు. ఈ ఒక్క గదిలోంచి మాత్రం తేలికపడి వెళ్తున్నారు, నిద్రమాత్రలు తగ్గించుకుంటున్నారు, మానేసిన పనుల్లో మళ్ళీ చేరుతున్నారు. ఇక్కడ పనిచేస్తున్నదేమిటో తెలిస్తే మిగతా చోట్లా దాన్నే పెట్టవచ్చు. అది తేల్చుకురమ్మని ఒకాయన్ని పంపారు.

ఆయనకు వచ్చిన రోజే కొలతలాయన అని పేరు పడింది. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పుకోవడం అవసరం. దేన్నీ గుడ్డిగా నమ్మేవాడు కాదు. నమ్మేవాళ్ళను ఎగతాళి చేసేవాడూ కాదు. "చూద్దాం" అనేది ఆయన ఊతపదం. ప్రతి ఒక్కరికీ, మాటలు మొదలయ్యే ముందు ఒకటి, అయిపోయాక ఒకటి, చిన్న కాగితాలు ఇచ్చేవాడు. కాగితం మీద ఒక అడ్డగీత. ఎడమ కొసన "బతకాలని లేదు", కుడి కొసన "హాయిగా ఉంది". ఆ గీత మీద తాము ఎక్కడున్నారో అక్కడ చుక్క పెట్టాలి. ఆయన తర్వాత స్కేలు పెట్టి, చుక్క ఎటు ఎంత జరిగిందో చూసుకునేవాడు.

"మనసుకు కూడా స్కేలేనా సార్?" అన్నాడు డ్రైవరు. "మా దర్జీ ఆవిడ నా చొక్కాకి కూడా ఇంత శ్రద్ధగా కొలత తీసుకోదు."

"నీకు తీసుకుని ఏం లాభం?" అంది దర్జీ ఆవిడ. "వారం తిరిగేసరికి పొట్ట ఒక చోట, కొలత ఒక చోట."

"మరి ఈ చుక్కలన్నీ కలిపితే ముగ్గవుతుందా?" అన్నాడు మాస్టారు.

"సగటవుతుంది" అన్నాడు కొలతలాయన, నవ్వకుండా. మాస్టారికి ఆయన ఆ క్షణం నుంచే నచ్చాడు.

ముందుగా ఆయన అక్కయ్యను అనుమానించాడు. ఆమె వినే తీరు వల్లే వీళ్ళు బాగుపడుతున్నారని అందరూ అనేవారు. అందరికంటే గట్టిగా ఆమే అనుకునేది. కొన్ని వారాలు ఆమెను కింద మందుల గదిలో కూర్చోమన్నాడు. చుక్కలు ఎప్పటిలాగే కుడివైపు జరిగాయి.

"అంటే నేనున్నా లేకపోయినా ఒకటేనా?" అంది అక్కయ్య.

"కొలతలో అలా వచ్చింది."

"ఇన్నేళ్ళుగా నేను చేసింది?"

"మీరు గది తలుపు తీశారు. అది తక్కువేం కాదు."

ఆ ఓదార్పుకు ఆమె రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తర్వాత ఆయన టీ ఆపించి చూశాడు. డ్రైవరు గొణిగాడు తప్ప చుక్కలు గొణగలేదు. కుర్చీలు తరగతి గదిలోలాగా వరసలుగా వేయించాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. మిగతావాళ్ళకు మెడ నొప్పి వచ్చింది. చుక్కలు మాత్రం వాటి దారిన అవి కుడివైపే నడిచాయి.

అంతలో ముసురుకు జ్వరం తగిలి ఒక వారం రాలేదు. ఆ వారం ఒక్కరి చుక్కా కుడివైపు కదలలేదు. ఇద్దరివైతే వెనక్కి వెళ్ళాయి.

ఒక్క వారాన్ని చూసి కారణం తేలిందనుకోవడం కొలతలాయన స్వభావం కాదు. కాకి వాలగానే తాటిపండు పడితే పండును పడేసింది కాకే అనుకునేవాళ్ళను ఆయన జీవితంలో చాలామందిని చూశాడు. అందుకని నాణెం ఎగరేసే పద్ధతి పెట్టాడు. బొమ్మ పడితే ఆ వారం ముసురు ఇక్కడికి వస్తాడు. బొరుసు పడితే ఇంటి దగ్గర ఉంటాడు. అతనికి మాత్రం "విశ్రాంతి వారాలు" అని చెప్పారు. ఇంకో మార్పు కూడా చేశాడు: ఇక ముసురుకు కాగితం ఇవ్వడం మానేశాడు. ఇన్నాళ్ళూ అతని చుక్క ముందూ వెనకా ఎడమ కొసనే పడి ఉండేది. ఇప్పుడతను పరీక్షకు గురయ్యేవాడు కాడు, పరీక్షిస్తున్న విషయం. కనుక అతన్ని సగటులో కలపడం తప్పు. శాస్త్రం ప్రకారం అది సరైన నిర్ణయమే.

ఫలితం పగటి వెలుగులా వచ్చింది. ముసురు ఉన్న వారం గది తేలికపడుతుంది. లేని వారం పడదు. మరో బృందానికి రెండు మూడు సార్లు పంపి చూస్తే అక్కడ కూడా అంతే.

ఆయన దాన్ని ముందు అక్కయ్యకు చెప్పాడు.

"అంటే ఏంటి? ఆయన్ని చూసి వీళ్ళు సంతోషిస్తున్నారా?"

"సంతోషం అనను. కాలు బెణికినవాడు కాలు లేనివాడి పక్కన కూర్చుంటే కుంటడం మర్చిపోతాడు. అంతే. అందులో చెడ్డతనం లేదు. వాళ్ళకే తెలియదు ఆ సంగతి."

"తెలియకుండానే ఉండనివ్వండి మరి."

"కొలవబడిన మనిషికి కొలత చెప్పాలి. అది నా పద్ధతి. మనుషుల మీద పరీక్ష చేసి, ఫలితం దాచి పెట్టుకుంటే అది దొంగతనం."

"ఆయన ముందే చెప్తారా?"

"ఆయన ముందు చెప్పకపోతే వెనకాల చెప్పినట్టు అవుతుంది కదమ్మా. నిజం తెలిస్తే ఎవరికీ నష్టం ఉండదు."

ఈ చివరి వాక్యాన్ని ఆయన పరీక్షించి చూసినట్టు ఎక్కడా దాఖలా లేదు.

మరుసటి సమావేశంలో ఆయన లేచి నిలబడి, తేలిక మాటల్లో, ఎవరినీ నొప్పించకుండా, అంతా చెప్పాడు. అక్కయ్య వల్ల కాదు, టీ వల్ల కాదు, కుర్చీల వల్ల కాదు, ముసురుగారి వల్ల. ఆయన బాధ ముందు తమ బాధ చిన్నదై కనిపించడం వల్ల. చెప్పి, అతనికి కృతజ్ఞతలు తెలుపుకున్నాడు. అందరూ నేలకేసి చూశారు. దర్జీ ఆవిడ కొంగు సర్దుకుంది.

"నేనెప్పుడో అన్నాను కదా" అన్నాడు డ్రైవరు. "ఈయన మామూలోడు కాదని."

ముసురు మొహంలో చాలా కాలంగా లేనిదేదో కదిలింది. "నావల్ల నలుగురికి మేలు జరుగుతోందంటే మంచిదే కదా" అన్నాడు.

ఎవరికీ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అతను తమ్ముడి భార్య ఇంట్లోనే, ముందు గదిలో ఉండేవాడు. ఆమె బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం నడుపుకునేది. భర్త పోయిన కొత్తలో బావగారిని తిట్టింది, కొన్నాళ్ళు మొహం చూడలేదు. తర్వాత దుకాణంలో నీళ్ళ మోటారు చెడితే బాగుచేయడానికి ఇంకెవరూ దొరక్క, "రండి, ఇది చూడండి" అని పిలిచింది. కోపానికి కూడా తీరిక కావాలి. ఆమెకు అది లేదు. నాణెం పుణ్యమా అని దొరికిన ఆ విశ్రాంతి వారాల్లో అతను గోతిలోకి దిగే కథ చెప్పకుండా గడిపాడు. ఇస్త్రీ పెట్టెలు విప్పి బిగించాడు. ఒకసారి సామాన్ల లిఫ్టు చెడిందని పక్క గోదాము వాళ్ళు అడిగితే, వెళ్ళి, ముందుగా స్విచ్చు గదికి తాళం వేసి, చెవి జేబులో వేసుకుని, పని చేసి వచ్చాడు. ఆ రాత్రి ఎప్పటిలా కేకలు వేసి లేవలేదు. ఈ మార్పును ఎవరూ కొలవలేదు, అతనికి కాగితం ఇవ్వడం మానేశారు కనుక.

అతని పాత మేస్త్రీ ఆ కబురు విన్నాడు. కొత్తగా చేరే మెకానిక్కులకు పని నేర్పడానికి ఒక షెడ్డు పెడుతున్నారు. "యంత్రం గురించి చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు" అన్నాడు మేస్త్రీ, దుకాణంలో స్టూలు మీద కూర్చుని. "తాళం గురించి నువ్వు చెప్పినట్టు ఎవడూ చెప్పలేడు. మొదటి రోజే చెప్పాలి వాళ్ళకి. ఈ సోమవారం కాదు, పై సోమవారం నుంచి రా. దానికి ముందు శనివారం సాయంత్రం లోపు ఏదో ఒకటి చెప్పు. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

మరదలు ఇస్త్రీ ఆపి, "వస్తారు" అంది. బావగారు ఒప్పుకున్నట్టు తల వంచాడు.

ఫలితం చెప్పిన తర్వాతి వారం, అన్ని వంతులూ అయ్యాక, కిటికీ కింద నుంచి ముసురు అన్నాడు: "ఈ వారం నాకు ఫర్వాలేదు. నిద్ర పట్టింది. పని దొరికేలా ఉంది."

బాగుపడటానికే పెట్టిన గదిలో ఆ మాటకు చప్పట్లు వినబడాలి. వినబడలేదు.

"నిద్ర పట్టిందా?" అన్నాడు డ్రైవరు. "నాకే పట్టడం లేదు."

"మంచిదే" అంది దర్జీ ఆవిడ. "మంచిదే. కాకపోతే ఇంత త్వరగా..."

"త్వరగానా?" అన్నాడు ముసురు.

"అదే, మనిషి పోయిన బాధ కదా అన్నయ్యా. నాకు కూతురు బతికుండి మాట్లాడకపోతేనే ఇలా ఉంది. నీది తమ్ముడు. పైగా..." ఆమె అక్కడ ఆగింది.

"ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య" అన్నాడు మాస్టారు చిరునవ్వుతో. "మమ్మల్ని మర్చిపోకు నాయనా."

ఆ వారం చుక్కలు మునుపెన్నడూ లేనంతగా ఎడమకు పోయాయి. కొలతలాయన వాటిని శ్రద్ధగా నమోదు చేసుకున్నాడు. దర్జీ ఆవిడ ఇంటికి వెళ్ళి మానేసిన మాత్ర మళ్ళీ వేసుకుంది. ఒకరిద్దరు రావడం మానేస్తామన్నారు. డ్రైవరైతే అక్కయ్యను మెట్ల దగ్గర పట్టుకుని, "ఆయన వెళ్ళిపోతే ఇక్కడికి వచ్చి ఎవరి మొహం చూడాలి అక్కయ్యా? నీదా?" అన్నాడు. ఆమె ఎవరికీ అవసరం లేదని కొలత చెప్పిన తర్వాత ఆమెతో అలా మాట్లాడటం సులువైపోయింది.

ఈ సంగతులు మరదలి చెవిన పడ్డాయి. శుక్రవారం దుకాణం మూసి, సంస్థ కార్యాలయంలో కొలతలాయన కూర్చునే గదికి వెళ్ళింది. చేతులకు ఇంకా గంజి వాసన ఉంది. ఆయన లేచి కుర్చీ వేశాడు.

"మా బావగారిని వదిలేయండి సార్" అంది.

"మేం పట్టుకోలేదమ్మా. ఎవరి ఇష్టం వాళ్ళది."

"పట్టుకోలేదు, నిజమే. ఆయన లేకపోతే అక్కడ పది మంది ఏమైపోతారో అని చెప్పారు. ఆయనకి అది చాలు. నిన్న అన్నం ముందు కూర్చుని అదే మాట. 'నేను పోతే వాళ్ళ పరిస్థితి ఏంటి' అని. సోమవారం పనికి వెళ్ళాలి ఆయన. మీరు ఒక్క మాట చెప్పండి. నువ్వు వెళ్ళు, వీళ్ళ సంగతి మేం చూసుకుంటాం అనండి."

కొలతలాయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "నేను ఒకవైపు మాట చెప్తే ఇన్ని నెలల పరిశీలన పాడైపోతుంది. ఆయన్ని ఉండమని వాళ్ళు చెప్పినా ఆపను, వెళ్ళమని మీరు చెప్పినా ఆపను. మధ్యలో నేను ఉండకూడదు."

"మీ లెక్కలో మా బావగారు బాగుపడ్డట్టు వచ్చిందా, రాలేదా?"

"ఆయన లెక్కలో లేరమ్మా."

"లేరా?"

"ఎలా చెప్పను... డాక్టరు రోగికి జ్వరం ఎంతుందో చూస్తాడు. ఇచ్చే మందుకు జ్వరం చూడడు కదా."

ఆమె ఆయన బల్ల మీద కాగితాల కేసి చూసింది. "మేం బట్టలు ఉతికేటప్పుడు సబ్బు కరిగిపోతుంది సార్" అంది. "కరిగిందని మాకు తెలుస్తుంది. ఇంకోటి కొనుక్కోవాలి కాబట్టి."

ఆమె వెళ్ళాక చాలాసేపు పని సాగలేదు. సాయంత్రానికి ఒక నిర్ణయానికి వచ్చాడు: రేపటి సమావేశంలో ముసురుకు కూడా కాగితం ఇవ్వాలి. తన వల్ల అన్యాయం జరిగితే దాన్ని సరిదిద్దుకోవడానికి ఆయనకు తెలిసిన మార్గం అదొక్కటే.

శనివారం గది నిండింది. మానేస్తామన్నవాళ్ళు కూడా వచ్చారు. మేస్త్రీ కింద స్కూటరు మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. మరదలు పక్కన నిలబడి ఉంది. ముసురు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అందరితో చెప్పి వెళ్దామనే వచ్చాడు. చెప్పకుండా వెళ్ళడం అతనికి చేతకాదు. చెప్పకుండా ఒకసారి వెళ్ళినందుకే కదా ఇదంతా.

వంతులు నడిచాయి. ఆ రోజు ఒక్కొక్కరి బాధ రెండింతలుంది. దర్జీ ఆవిడ మూడు జాకెట్లు పాడుచేశానంది. మాస్టారు పొద్దున్నే లేచి గోడకేసి చూస్తూ కూర్చున్నానన్నాడు. డ్రైవరు బ్రేకు బదులు ఇంకోటి తొక్కబోయానన్నాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కాకపోతే అందరూ కిటికీ వైపు చూస్తూ చెప్పారు.

అతని వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. ఎప్పుడూ కూర్చునే చెప్పేవాడు.

"సోమవారం నుంచి షెడ్డులో చేరుతున్నాను" అన్నాడు. "కొత్తవాళ్ళకి పని నేర్పాలి. శనివారాలు కూడా ఉంటుంది. మీరందరూ నన్ను..."

"ఏం నేర్పుతావు గురూ?" అన్నాడు డ్రైవరు.

"తాళం వేయడం. స్విచ్చు గదికి."

ఎవరో చిన్నగా నవ్వి, దగ్గుగా మార్చుకున్నారు.

"నువ్వా?" అన్నాడు డ్రైవరు. గొంతులో ద్వేషం లేదు. సందేహం తీర్చుకుంటున్నవాడిలా ఉంది. "వాళ్ళు అడిగితే ఏం చెప్తావు? 'మీకెలా తెలుసు మాస్టారూ' అని అడిగితే?"

"ఉన్నదే చెప్తాను."

"చెప్పి, జీతం తీసుకుని, టీ తాగి ఇంటికి వెళ్తావు."

అక్కయ్య నోరు తెరిచింది. కొలతలాయన ఆమెను చూశాడు. కళ్ళతో వద్దన్నాడా లేదా అన్నది తర్వాత ఆమెకు కూడా కచ్చితంగా తెలియలేదు. ఆమె మాత్రం మాట్లాడలేదు.

"అలా అనకు" అంది దర్జీ ఆవిడ డ్రైవరుతో. తర్వాత ముసురు వైపు తిరిగింది. చాలా మెత్తగా అంది: "వెళ్ళు అన్నయ్యా. నీ బతుకు నువ్వు చూసుకోవాలి. మాకేమైనా అయితే అది మా రాత. ఒకళ్ళని కింద వదిలేసి వెళ్ళినప్పుడు ఏమవుతుందో నీకు ఒకరు చెప్పాలా?"

ముసురు నిలబడే ఉన్నాడు. చేతులు జేబులు వెతికాయి, ఏదో ఉండాల్సింది లేదన్నట్టు. తర్వాత మెల్లగా కూర్చున్నాడు. కథ మొదలుపెట్టాడు. ఈసారి ఎన్నడూ చెప్పనిది కూడా చెప్పాడు. టీ కొట్టు దగ్గర గ్లాసు నోటి దాకా వచ్చినప్పుడు భవనం లోపలి నుంచి తమ్ముడు పిలిచిన పిలుపు తనకు వినబడింది. వినబడినా, ఏ స్క్రూడ్రైవరో కావాలనుకుని, గ్లాసు పూర్తి చేసి లేచాడు. ఆ టీ అప్పటికే చల్లారిపోయి ఉంది, తాగి తీరాల్సిన పని కూడా లేదు.

దర్జీ ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. డ్రైవరు వెళ్ళి అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "నువ్వు ఎక్కడికీ పోకు గురూ" అన్నాడు, నిజమైన ప్రేమతో.

కాగితాలు పంచారు. చుక్కలు ఆ గది పుట్టినప్పటి నుంచి ఎన్నడూ లేనంత కుడివైపుకు చేరాయి. కొలతలాయన, అనుకున్న మాట ప్రకారం, ముసురుకు కూడా ఒక కాగితం ఇచ్చాడు. అతను పెన్సిలు పట్టుకుని చాలాసేపు గీతను చూశాడు. చుక్క పెట్టాడు. అది గీత మీద లేదు. "బతకాలని లేదు" అన్న మాటలకు కూడా ఎడమవైపున, కాగితం అంచున ఉంది.

కొలతలాయన స్కేలు పెట్టి చూశాడు. సున్నాకు అవతల స్కేలులో అంకెలు లేవు. కొంచెం తటపటాయించి, సున్నా అని వేసుకున్నాడు.

కిందికి దిగివచ్చిన వాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు. డ్రైవరు మాస్టారిని ఏదో ఆటపట్టిస్తున్నాడు. దర్జీ ఆవిడ, "ఆ గుండీ ఊడేలా ఉంది, సోమవారం తెచ్చి ఇవ్వు, కుట్టి ఇస్తాను" అంటోంది. వాళ్ళ మొహాలు చూసిన మరదలికి పైన ఏం జరిగిందో అడగాల్సిన పని లేకపోయింది.

"ఇంకాసేపు చూద్దామా?" అన్నాడు మేస్త్రీ.

"వద్దులెండి" అంది ఆమె. "వేరే ఎవరినైనా చూసుకోండి."

కొలతలాయన నివేదిక బాగా వచ్చిందని సంస్థలో అందరూ మెచ్చుకున్నారు. అందులో ఆయన ఒక అనుమానం కూడా నిజాయితీగా రాశాడు: ఈ పద్ధతి వల్ల మూలమైన వ్యక్తికి కలిగే ప్రభావం తెలుసుకోవడానికి తగిన కొలత ఇంకా లేదని, దానిమీద ముందు ముందు పరిశీలన జరగాలని. ఆ వాక్యం చివరి పేజీలో ఉంది. మొదటి పేజీలో ఉన్న సిఫారసును మాత్రం వెంటనే అమలు చేశారు.

ఒక సోమవారం ఉదయం సంస్థ వ్యాను దుకాణం ముందు ఆగింది. రోజుకో బృందం చొప్పున ఊరంతా తిప్పాలని ఏర్పాటు. ముసురు ఏమీ మాట్లాడకుండా వచ్చి వెనక సీట్లో కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు, గీసుకోనక్కరలేదని ఎవరో చెప్పారట. మరదలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బయటికి వచ్చింది.

"ఎన్నాళ్ళు తిప్పుతారు బాబూ ఈయన్ని?" అని వ్యాను నడిపే మనిషిని అడిగింది.

"అందరూ బాగుపడేదాకా అన్నారమ్మా."

"అందరూ అంటే ఈయన కూడానా?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"ఈయన పేషెంటు కాదు కదమ్మా" అన్నాడు. "మా స్టాఫు." తలుపు గట్టిగా వేసి, బండి ముందుకు పోనిచ్చాడు.